పంతొమ్మిదో సీటు

నాకు కుళ్ళు ఎక్కువ. మా ఆవిడ ఈ మాట అంటే ఇంతెత్తున లేస్తాను గానీ, నా అంతట నేను ఒప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. అయితే అందరి మీదా కాదు. పక్కింటివాళ్ళు కారు కొన్నా, మేడ మీద మేడ కట్టినా నాకు చీమ కుట్టినట్టయినా ఉండదు. నా కుళ్ళంతా ఒకే ఒక్క మనిషి మీద. ఆయన నా తోడల్లుడు, మా ఆవిడ అక్క మొగుడు.

పైకి అన్నయ్యా అని పిలుస్తాను. లోపల మాత్రం దొర అనుకుంటాను. ఆ పేరు పెట్టింది నేను కాదు, మా మామగారు. పెళ్ళయిన కొత్తలో ఆయన ఇస్త్రీ మడత నలగని తెల్ల యూనిఫాం వేసుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని అత్తారింట్లో అడుగు పెట్టాడట. మామగారు మురిసి ముక్కలై "మా పెద్దల్లుడు దొరలా ఉన్నాడే!" అన్నారట. రెండేళ్ళ తర్వాత చిన్నల్లుడిగా నేను అదే గుమ్మం తొక్కాను. నన్ను ఎగాదిగా చూసి ఆయన అన్నది ఒక్కటే మాట, "భోంచేశావా?" అని. అంతే! ఇరవై ఏళ్ళు దాటినా ఆ మాట నాకు అరగలేదు.

దొర ఊరి చివర ప్రైవేటు యూనివర్సిటీలో బస్సు డ్రైవరు. నేను ఊరి మధ్య ప్రభుత్వ యూనివర్సిటీలో, కెమిస్ట్రీ ల్యాబులో అటెండరుని. ఇద్దరం డిగ్రీ మొహం చూడనివాళ్ళమే. ఇద్దరం యూనివర్సిటీల నీడనే బతుకుతున్నాం. కానీ తేడా చూడండి. ఆయనది అద్దాలు మూసిన చల్లటి బస్సు, స్ప్రింగుల సీటు. నాది ఇరవై ఏడేళ్ళుగా యాసిడ్ వాసన. బ్యూరెట్లు కడుగుతాను. బ్యూరెట్ అంటే గీతలున్న పొడుగాటి గాజు గొట్టం, కింద చిన్న కుళాయి ఉంటుంది. కడిగి బోర్లించాక లోపల ఒక్క నీటి బొట్టు అంటుకుని నిలబడినా అది శుభ్రపడనట్టే, మళ్ళీ కడగాలి. నా చేతుల్లో అలా ఎన్ని వేల గొట్టాలు తిరిగాయో నాకే తెలియదు.

ఇక మా భవనం సంగతి చెప్పక్కర్లేదు. తూకాల గది తలుపు కాస్త పైకెత్తితే గానీ తెరుచుకోదు. మూడో బల్ల దగ్గర సింకు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది, దాని కింద బకెట్ పెట్టేది నేనే, తీసేది నేనే. ఫ్యానుకి అయిదు స్పీడులున్నాయి, అయిదూ ఒకటే స్పీడు. రోజూ చీపురు పట్టుకుని తిరిగేవాడికి ఆ చోటు మీద గౌరవం ఎక్కడినుంచి వస్తుంది? అక్కడ చదివి పెద్దవాళ్ళయినవాళ్ళ ఫోటోలు వరండా నిండా ఉన్నాయి. వాటి మీద దుమ్ము తుడిచేది కూడా నేనే కాబట్టి నాకు దుమ్మే గుర్తు, మొహాలు గుర్తులేవు.

దొర కొడుకూ మా అమ్మాయీ నెల తేడాలో పుట్టారు. వాడు బుడ్డోడు, ఇది అమ్మలు. బుడ్డోడు ఇప్పుడు ఆరడుగులు దాటాడు, అయినా మా ఇళ్ళల్లో బుడ్డోడే. పిల్లలిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. సెలవు రోజు వస్తే చాలు, పుస్తకాలు చంకన పెట్టుకుని వాడు మా ఇంటికి దిగేవాడు. అమ్మలు పాఠం చెప్పేది, వాడు వినేవాడు. నేను మాత్రం పక్క గదిలో కూర్చుని వాడికెన్ని మార్కులొచ్చాయో, దీనికెన్ని వచ్చాయో లెక్కలు వేసుకునేవాణ్ణి. ప్రతిసారీ మా అమ్మాయికే ఎక్కువ వచ్చేవి. నా జీవితంలో దొర మీద నాకు దక్కిన పైచేయి అదొక్కటే.

ఆ ఏడు ఇద్దరూ పన్నెండో తరగతి పూర్తి చేశారు. మా కెమిస్ట్రీ విభాగంలో అయిదేళ్ళ కోర్సు ఒకటుంది. నలభై సీట్లు. ప్రవేశ పరీక్ష పెడతారు, వేలమంది రాస్తారు. అమ్మలు రాసింది. ఫలితాల లిస్టులో పేర్లుండవు, హాల్ టికెట్ నంబర్లే ఉంటాయి. ఒకరోజు పొద్దున్నే మా ఆఫీసు గుమాస్తా నోటీసు బోర్డుకి ఆ కాగితం గుచ్చుతుంటే, గుండుసూదుల డబ్బా పట్టుకుని పక్కన నిలబడ్డది నేనే. పంతొమ్మిదో వరసలో మా అమ్మాయి నంబరుంది. మళ్ళీ చూశాను. ఇంకోసారి చూశాను. గుమాస్తా "ఏమైందయ్యా, అలా కొయ్యబారిపోయావ్?" అంటే, వేలితో చూపించాను. ఆయన నా వీపు మీద చరిచి "ఇవాళ టీ నీది" అన్నాడు.

ఆ లిస్టు కింద వెయిటింగ్ లిస్టు కూడా ఉంది, పది నంబర్లు. వచ్చే శుక్రవారం సాయంత్రం అయిదింటిలోగా ఒరిజినల్ సర్టిఫికెట్లు తెచ్చి ఇవ్వనివాళ్ళ సీట్లు వరసలో వీళ్ళకి పోతాయి. ఆ పది నంబర్ల వంక నేను తిన్నగా చూడను కూడా లేదు. మనకేం పని?

నా సంతోషం సరిగ్గా ఆదివారం దాకా ఉంది. ఆ సాయంత్రం దొర కుటుంబం మా ఇంటికి వచ్చింది. బుడ్డోడి ఒంటి మీద నీలం కోటు! జేబు మీద బంగారు రంగు దారంతో ప్రైవేటు యూనివర్సిటీ ముద్ర. లోపల పట్టులాంటి లైనింగు. వాడు ఆ కోటులో మా రెండు గదుల ఇంట్లోకి వంగి వస్తుంటే నాకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది.

"స్టాఫ్ పిల్లలకి సగం ఫీజు కదా, కొలతలు తీసుకుని కోటు కూడా ముందే కుట్టించేశారు" అంది వదిన. "క్లాసులన్నీ ఏసీలే అంట. మెట్లెక్కే పనే లేదు, లిఫ్టులు. ఈత కొలను కూడా ఉందంట!"

"చదువుకోవడానికి ఈత కొలనెందుకు వదినా?" అన్నాను నవ్వుతూ. నవ్వు పెదాల దగ్గరే ఆగింది.

మా ఆవిడ కోటు అంచు వేళ్ళ మధ్య పెట్టుకుని నలుపుతూ "ఎంత మెత్తగా ఉందో!" అంది. ఆ మాటకి నాకు ఇంకా మండింది. దొర మాత్రం కొడుకు కోటు వంక చూడకుండా, నా పాత కుర్చీలో కాళ్ళు చాపుకుని "అమ్మలూ, సర్టిఫికెట్లు ఇచ్చేశావా తల్లీ?" అని అడిగాడు.

"లేదు పెదనాన్నా, శుక్రవారం దాకా టైముంది" అంది అమ్మలు.

"శుక్రవారం దాకా ఎందుకు? రేపే ఇచ్చెయ్."

చూశారా, మా ఇంట్లో కూర్చుని మా అమ్మాయికి ఆజ్ఞలు! అయినా నాకు అసలు విషయం అప్పటికి అర్థమైందనుకున్నాను. ఆయన కొడుకు ఏసీలో కూర్చుంటాడు, నా కూతురు కారే సింకు పక్కన నిలబడుతుంది. ఆ ఏర్పాటు అలాగే ఉండాలని దొర కోరిక. మార్కుల్లో ఎన్నడూ మా అమ్మాయి దరిదాపులకి రాని కుర్రాడు కోటు వేసుకుని తిరుగుతాడు, మా అమ్మాయి నా వెనకాలే నడిచి ఆ తలుపు పైకెత్తి తెరుచుకుంటుందా? నా కంఠంలో ప్రాణముండగా జరగదనుకున్నాను.

వాళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో చెప్పేశాను. "అమ్మలూ, నువ్వు కూడా ప్రైవేటు యూనివర్సిటీలోనే చేరుతున్నావ్."

మా ఆవిడ ఖాళీ కప్పులు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏమండీ, మతుండే మాట్లాడుతున్నారా? వచ్చిన సీటు కాలదన్నుకుంటారా ఎవరైనా?"

"దీని మార్కులకి వాళ్ళు సగం ఫీజు మాఫీ చేస్తారు. మిగతాది నేను దాచినదుంది. దీనికేం తక్కువని?"

"అక్కడ కెమిస్ట్రీ కోర్సు లేదు నాన్నా" అంది అమ్మలు.

"ఇంకేదో ఉంటుంది."

"ఇంకేదో నాకొద్దు. నాకు మన ల్యాబులో చదవాలనుంది." మన ల్యాబు అంది! చిన్నప్పుడు బడికి సెలవైనప్పుడల్లా నా వెంట వచ్చి, స్టూలెక్కి నేను కడిగిన గొట్టాలు వెలుగులో పెట్టి చూసేది. ఒక్క బొట్టు కనిపించినా "నాన్నా, ఇది ఫెయిల్" అని పక్కన పెట్టేది. ఆ ల్యాబుని అది ఏ కళ్ళతో చూస్తోందో నాకప్పుడు తట్టలేదు. నాకు కనిపించింది బకెట్టూ, దొర కొడుకు కోటూ.

"అమ్మాయిని ఏడిపించి ఏం బావుకుంటారు?" అంది మా ఆవిడ.

"మీ అక్క ముందు నీకు తలెత్తుకోవాలని లేదేమో, నాకుంది" అన్నాను. ఆమె కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. మెత్తటి కోటు అంచు ఆమె వేళ్ళని కూడా వదల్లేదనుకుంటాను.

సోమవారం సాయంత్రం దొర ఒక్కడే వచ్చాడు, డ్యూటీ దిగి అదే యూనిఫాంతో. అక్కచెల్లెళ్ళ మధ్య ఫోనులో కబురు నడిచినట్టుంది. అమ్మలు ట్యూషన్ చెప్పే పిల్లల దగ్గరికి వెళ్ళింది. ఆయన కూర్చోలేదు.

"తమ్ముడూ, నేను విన్నది నిజమేనా?"

"ఏం విన్నారన్నయ్యా?"

"ఆ పిల్లని మా దాంట్లో వెయ్యకు. నీకు తెలీదు, లోపల ఉండి చూస్తున్నవాణ్ణి నేను. ఈ ఏడాదిలో ముగ్గురు మాస్టర్లని సామాన్లతో సహా స్టేషన్లో దింపొచ్చాను. ఒక్కరూ ఏడాది నిలవరు. ల్యాబులున్నాయి, బ్రహ్మాండంగా ఉన్నాయి, కానీ తాళాలేసి ఉంటాయి. పై నుంచి ఎవరైనా చూడ్డానికి వస్తే తెరుస్తారు. వాళ్ళని తీసుకొచ్చేది కూడా నా బస్సే. అమ్మలు చదివే పిల్ల. దానికి వచ్చిన సీటు బంగారంలాంటిది, వదలొద్దు."

"మరి మీ బుడ్డోణ్ణి ఎందుకు వేస్తున్నారు?"

ఆయన ఒక్క క్షణం తడబడ్డాడు. "వాడికి వేరే దారి దొరికితే వాణ్ణీ వెయ్యను. ఒకవేళ నువ్వు చేర్పించక తప్పదనుకున్నా, ఒరిజినల్స్ మాత్రం వాళ్ళ చేతికివ్వకు. జిరాక్సులివ్వు. ఒకసారి వాళ్ళ బీరువాలోకి వెళ్ళిన కాగితం మళ్ళీ బయటికి రాదు."

ఎంత నెమ్మదిగా చెప్పాడో! ఆ నెమ్మదే నాకు పడలేదు. మామగారింట్లో పెద్ద పీట మీద కూర్చుని చెప్పినట్టే ఇక్కడా నాకు బుద్ధులు చెబుతున్నాడు. నోటికి ఎంత వస్తే అంత అనేశాను. "మీ వాడి పక్క బెంచీలో మా అమ్మాయి కూర్చోవడం మీకు కష్టంగా ఉన్నట్టుంది. క్లాసులో మార్కులు పక్కపక్కనే కనిపిస్తాయి కదా, పాపం!"

మా ఆవిడ "ఏమండీ!" అని కేక పెట్టింది. దొర నల్ల కళ్ళద్దాలు జేబులోంచి తీసి, పెట్టుకోకుండా మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "సరే తమ్ముడూ, నీ ఇష్టం" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మా ఆవిడ పెట్టిన టీ తాగలేదు. హమ్మయ్య, దెబ్బ సరిగ్గా తగిలిందనుకుని ఆ టీ కూడా నేనే తాగాను.

మంగళవారం సెలవు పెట్టి అమ్మలుని తీసుకెళ్ళాను. చేతిలో ఒరిజినల్స్ ఫైలు. దారి పొడుగునా అది ఒకే మాట అడిగింది. "ఇవాళే ఇవ్వాలా నాన్నా? ఇంకా మూడు రోజులున్నాయి కదా?" ప్రతిసారీ నేను సిటీ బస్సు కిటికీలోంచి బయటికి చూశాను.

లోపలికి వెళ్ళగానే ఒళ్ళు చల్లబడింది. నేలలో మన మొహం మనకే కనిపిస్తోంది. అద్దాల కౌంటర్ వెనక టై కట్టుకున్న ఒక అమ్మాయి లేచి నిలబడి, "రండి సర్, కూర్చోండి సర్" అంది. వెనక్కి తిరిగి చూశాను, ఎవరైనా ప్రొఫెసర్ వచ్చాడేమోనని. ఎవరూ లేరు. నన్నే! ఇరవై ఏడేళ్ళలో నేను లక్షసార్లు సార్ అని ఉంటాను. ఒక్కసారి అనిపించుకోలేదు. ఆ అమ్మాయి నీళ్ళ సీసా ఇచ్చింది. "పాప మార్కులు చాలా బావున్నాయి సర్" అంది. రెండు కోర్సుల పేర్లు చెప్పింది, రెండూ పొడుగ్గా ఉన్నాయి, రెండోది ఇంకాస్త పొడుగ్గా ఉందని అదే తీసుకున్నాను.

"ఒరిజినల్స్ ఇస్తారా సర్?"

దొర చెప్పిన మాట చెవిలో గింగురుమంది. జిరాక్సులు చొక్కా జేబులో మడతపెట్టి ఉన్నాయి కూడా. ఆయన చెప్పాడు కాబట్టి, సరిగ్గా అందుకే, ఫైలు మొత్తం గాజు కింద నుంచి తోసేశాను. అమ్మలు సంతకం పెట్టింది. పెన్ను మూత పెట్టి నా చేతికిచ్చింది. ఏడవలేదు, విసుక్కోలేదు.

బయటికి వస్తుంటే గేటు దగ్గర దొర బస్సు అద్దం కడుగుతున్నాడు. నా ఖాళీ చేతులు చూశాడు. బ్రష్షు నుంచి సబ్బు నీళ్ళు ఆయన బూట్ల మీద కారుతున్నా అలాగే నిలబడ్డాడు. నేను గొంతు సవరించుకుని దర్జాగా పక్కనుంచి నడిచి వచ్చేశాను. ఆ పూట నేనే దొరని.

శుక్రవారం మధ్యాహ్నం మూడున్నరకి మా విభాగం పెద్ద, మేడమ్, నన్ను గదిలోకి పిలిచారు. తెల్ల జుట్టు, కటువైన మాట, అనవసరంగా ఒక్కరినీ పిలవరు.

"పంతొమ్మిదో ర్యాంకు మీ అమ్మాయటగా. ఇంకా రాలేదేం?"

"వేరే చోట చేరింది మేడమ్."

"వేరే చోటా?" ఆవిడ కళ్ళజోడు తీశారు. "అయిదో ప్రశ్నకి ఆ పిల్ల రాసిన జవాబు నేను రెండుసార్లు చదివాను. వేలమందిలో ఆ దారిన ఆలోచించింది ఆ ఒక్కతే. ఎవరి పిల్లా అని కనుక్కుంటే మీ పేరు చెప్పారు. ఇంకా గంటన్నర టైముంది. వెళ్ళి కాగితాలు తీసుకురండి, నేను కూర్చుంటాను."

ఆటో ఎక్కితే అరగంట. కౌంటర్ దగ్గర కాళ్ళా వేళ్ళా పడితే ఇచ్చేవారేమో, ఇవ్వరేమో. కానీ ఆ గేటు దాటాలి. గేటు దగ్గర ఆయనుంటాడు. మూడు రోజుల క్రితం ఇచ్చిన కాగితాల కోసం నేను చేతులు నలుపుకుంటూ తిరగడం ఆయన చూడాలి. "చెప్పాను కదా తమ్ముడూ" అని ఆయన అనడు, అది నాకు తెలుసు. అనకుండా ఊరుకుంటాడే, అది భరించడం నా వల్ల కాదు.

"మంచి చోటే చేరింది మేడమ్" అన్నాను.

అయిదింటికి గుమాస్తా నోటీసు బోర్డు మీది లిస్టు బల్ల మీద పరిచి, స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో పంతొమ్మిదో నంబరు మీద గీత కొట్టాడు. పక్కన వెయిటింగ్ లిస్టులోని మొదటి నంబరు రాశాడు. మిగతా ముప్పై తొమ్మిదిమందీ చేరారు. వదిలింది మేమొక్కరమే. ఆ సిరా ఆరేదాకా నేనక్కడే నిలబడ్డాను.

తర్వాత నెల రోజులకి క్లాసులు మొదలయ్యాయి. అమ్మలు నీలం కోటు వేసుకుని దొర నడిపే బస్సులోనే వెళ్తోంది. బుడ్డోడు ఆ బస్సులో కనిపించడం లేదని ఒకరోజు అంది మా ఆవిడ. ఆరడుగులవాడు, మోటార్ సైకిలు కొనిచ్చి ఉంటాడు దొర, అని ఇంకాస్త కుళ్ళుకున్నాను.

మా ల్యాబులో మొదటి ప్రయోగం రోజు వచ్చింది. నలభై బ్యూరెట్లు కడిగి వరసగా నిలబెట్టాను. పిల్లలు ఒక్కొక్కరే తెల్ల కోట్లు తొడుక్కుని వస్తున్నారు. ఆఖరివాడు తలుపు దగ్గర తల వంచి లోపలికొచ్చాడు.

"బాబాయ్!" అన్నాడు బుడ్డోడు.

వాడే దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పాడు. "నేనూ పరీక్ష రాశాను బాబాయ్. వెయిటింగ్ లిస్టులో మొదటివాణ్ణి. వస్తుందో రాదో తెలీకుండా ముందే చెప్పి నవ్వులపాలు కావడమెందుకన్నాడు నాన్న. వచ్చాక మీకు తనే చెప్తానన్నాడు. రోజూ అనుకుంటాడు, కానీ మొహం చెల్లడం లేదంటాడు." వాడి కళ్ళు నేల మీదున్నాయి. "ఇది అమ్మలు సీటే కదా."

నేను చేసిన పని చెబితే నా మీద మీకున్న కాస్త మర్యాద కూడా పోతుంది. అయినా చెబుతాను. ముప్పై తొమ్మిదిమందికి మంచి బ్యూరెట్లు ఇచ్చి, వాడికి మాత్రం కుళాయి బిగుసుకుపోయినదాన్ని వెతికి ఇచ్చాను. వాడు దాన్ని తిప్పాడు, తిరగలేదు. మళ్ళీ తిప్పాడు. తర్వాత నన్ను అడక్కుండానే వెళ్ళి గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి కుళాయి మీద కాసేపు పోశాడు, మెల్లగా తిప్పితే వచ్చేసింది. "అమ్మలు చెప్పింది బాబాయ్, ఇలా చెయ్యాలని" అన్నాడు. అది అమ్మలుకి చెప్పింది నేను.

ఎంత మోసం! తియ్యటి కబుర్లు చెప్పి, కోటు చూపించి ఊరించి, నన్ను బుట్టలో వేసుకుని, నా కూతురి సీటు కొట్టేశాడు! ఆ రాత్రికే వాళ్ళింటికి వెళ్ళి ఇల్లు పీకి పందిరెయ్యాలనుకున్నాను. నాలుగింటికి ల్యాబు ఖాళీ అయింది. గొట్టాలు కడుగుతూ, దొర మీద వెయ్యాల్సిన నిందలన్నీ ఒక్కొక్కటే పేర్చుకుంటున్నాను. ఏమని మొదలుపెట్టాలి? సోమవారం సాయంత్రం మా ఇంటికొచ్చి నువ్వు చెప్పిందేమిటి, అని అడగాలి.

ఏం చెప్పాడు? సీటు వదలొద్దన్నాడు.

కుళాయి కట్టేయడం మర్చిపోయాను. సోమవారం నాటికే లిస్టు వచ్చి నాలుగు రోజులైంది. తన కొడుకు వెయిటింగ్ లిస్టులో మొదటివాడని దొరకి తెలుసు. మా అమ్మాయి తప్పుకుంటే ఆ సీటు ఎవరి ఒళ్ళో పడుతుందో తెలుసు. నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటే చాలు. అలాంటిది పనిగట్టుకుని వచ్చి, నిలబడి, వదలొద్దు తమ్ముడూ అని బతిమాలాడు. నాతో అనరాని మాట అనిపించుకుని, టీ తాగకుండా వెళ్ళిపోయాడు.

ఆయన స్థానంలో నేనుంటే? ఆ గుమ్మం తొక్కేవాణ్ణి కాదు. ఇందులో నాకు ఒక్క పిసరు అనుమానం లేదు. ఆయన ఉద్యోగం చూసి ఏడ్చాను, కోటు చూసి ఏడ్చాను, ఇప్పుడు ఆ మనిషిని చూసి ఏడుపొచ్చింది. కుళ్ళు తగ్గకపోగా ఇంకా పెరిగింది. ఎందుకంటే ఇది డబ్బు దాచి కొనుక్కునేది కాదు.

ఇంటికొచ్చాక వాళ్ళింటికి వెళ్ళలేదు. గుమ్మంలో కూర్చున్నాను. ఆరింటికి వీధి చివర బస్సు ఆగింది, అమ్మలు దిగింది. బస్సు కదిలేదాకా నేను తల ఎత్తలేదు.

"బుడ్డోడు మా ల్యాబులో చేరాడు" అన్నాను.

"ఊఁ" అంది.

"నీకు తెలుసా?"

"ఇద్దరం కలిసే చూశాం కదా నాన్నా లిస్టు. నా నంబరు వాడు వెతికాడు, వాడి నంబరు నేను వెతికాను."

"అంటే మొదటినుంచీ తెలుసు! మరి నాతో ఒక్క మాట చెప్పొద్దూ?" అని అరిచాను.

అది చెప్పులు విప్పి గోడ వారగా పెట్టింది. "చెబితే ఏం చేసేవాడివి?"

ఏం చేసేవాణ్ణో నాకూ తెలుసు, దానికీ తెలుసు. నేను వదిలిన సీటు దొర కొడుక్కి పోతుందని తెలిస్తే, శుక్రవారం దాకా ఆగేవాణ్ణా? సోమవారం పొద్దున్న గుమాస్తా తాళం తియ్యకముందే ఫైలు పట్టుకుని నిలబడేవాణ్ణి. ఎన్ని ఏసీలు చూపించినా కదిలేవాణ్ణి కాదు.

"ఆ ఒక్క మాట అనుంటే నీ సీటు నీకుండేది కదే!" అన్నాను.

"అవును. నోటిదాకా చాలాసార్లు వచ్చింది. కౌంటర్ దగ్గర సంతకం పెట్టేటప్పుడు కూడా వచ్చింది." అది నా వంక సూటిగా చూసింది. "నాకు కావాలని అడిగాను కదా నాన్నా. నేను అడిగినందుకు ఉంచుతావేమో అని చూశాను."

మా ఆవిడ లోపల గిన్నెల చప్పుడు ఆపేసింది. అమ్మలు కోటు విప్పి కొక్కేనికి తగిలించింది, లంచ్ బాక్స్ తీసుకుని పంపు దగ్గరికి వెళ్ళింది. నా వైపు వీపు తిప్పి, గిన్నె తోముతూనే అడిగింది.

"ఇవాళ ఏ ప్రయోగం ఇచ్చారు?"

చెప్పాను.

"బుడ్డోడికి జవాబు సరిగ్గా వచ్చిందా?"

"వచ్చింది."

"మొదటిసారికేనా?"

ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఇరవై ఏళ్ళుగా నా లోపల వినిపించే గొంతే అది. నేను జవాబు చెప్పేదాకా అది గిన్నె తోముతూనే ఉంది.